గునపం పట్టినోడికీ తట్ట మోసినామెకీ ఒకటే కూలీ: ఇదేం సమానత్వం?

పొందూరు రైతుబిడ్డ:
నిన్న మా ఊరి చెరువులో ఉపాధి పని చూసొచ్చాను. ఇరవై మంది జట్టు. నలుగురు కుర్రాళ్లు గునపాలతో తవ్వుతున్నారు, మిగతావాళ్లు తట్టలతో మట్టి గట్టెక్కిస్తున్నారు. అందులో ఒకామెకి డెబ్బై దగ్గరుంటాయి. సగం తట్టే, అదీ నాలుగడుగులకోసారి ఆగుతూ. 2025-26కి మన రాష్ట్రంలో రోజుకూలీ 307 అన్నారు గానీ చేసిన పని కొలత తగ్గితే అంత పడదు. పడిందేదో తలా సమానంగా పంచుతారు. తవ్వినోడి చెమటకి విలువేదీ?

ఆమదాలవలస మాస్టారు:
రాజ్యాంగం 39వ అధికరణం చదవండి. ఆడా మగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం. 1976లో దానికి చట్టం కూడా వచ్చింది.

పొందూరు రైతుబిడ్డ:
మాస్టారూ, "సమాన పనికి" అని మీరే రాశారు. గునపం, తట్ట సమానమా? నా ప్రశ్న అదే.

బొబ్బిలి బుల్లోడు:
తట్ట నెత్తినెట్టుకుని ఒక్కపాలి గట్టెక్కి సూడు బావూ.

పలాస ఆడపడుచు:
అన్నయ్యా, కొలతంటే గొయ్యి ఒక్కటే కాదు. మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకి ఎక్కించారు అన్నదానికీ రేటుంది. మోసేవాళ్లు లేకపోతే ఆ నలుగురూ తవ్విన మట్టిలోనే నిలబడాలి. కష్టానికి తగ్గ కూలీ అంటున్నారు కదా, మా అమ్మ ఇరవై ఏళ్లు జీడిపప్పు పొట్టు తీసింది. కిలో లెక్క. పప్పు విరిగితే కోత. పక్కనే బట్టీ దగ్గర మగవాళ్లకి రోజుకూలీ, వాళ్ల చేతిలో ఎంత మాడినా అడిగినవాడు లేడు. అది మీ లెక్కలో ఏ న్యాయం?

పొందూరు రైతుబిడ్డ:
నేనడిగింది చెరువు గురించి. మీ అమ్మగారి కష్టం నేను కాదన్నానా? ఆ డెబ్బై ఏళ్లామెకి నెలకి నాలుగు వేలు పింఛను వస్తోంది. ఇంట్లో ఉండొచ్చు కదా.

ఆమదాలవలస మాస్టారు:
పింఛను తీసుకుంటే పనికి రాకూడదని ఉపాధి చట్టంలో ఎక్కడుంది? పైగా వృద్ధులకి, వికలాంగులకి వేరే కొలత పెట్టాలని ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది.

పొందూరు రైతుబిడ్డ:
పెట్టారా మరి? లేదు. ఆవిడ భారం ఆ కుర్రాళ్ల మీద పడింది. పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చుని చెప్పడం సులువు మాస్టారూ.

ఆమదాలవలస మాస్టారు:
ముప్పై ఏళ్లు బడిలో నిలబడి చెప్పాను, కూర్చుని కాదు. మాట జాగ్రత్త.

సాలూరు చిన్నోడు:
మొదలైంది 😄

బొబ్బిలి బుల్లోడు:
ఆ కుర్రోళ్లు నీకు సెప్పీసినారేటి, మాకు అన్నేయం జరిగిపోతందని? ఆళ్ల అమ్మలూ అప్పలూ గాదేటి ఆ తట్టలు మోసేది? ఇంటికెల్తే ఒకే కుండలో గంజి. నువ్వు పని సెయ్యడానికెల్లలేదు, సూడ్డానికెల్లినావు. ఒక్కటడుగుతాను, దాపరికం లేకండా సెప్పు. పోయిన ఉభాలకి, అదే నాట్లకి, నారు తీసిన మగోళ్లకెంత ఇచ్చినావు, నాటిన ఆడోళ్లకెంత ఇచ్చినావు?

పొందూరు రైతుబిడ్డ:
దానికీ దీనికీ ఏటి సంబంధం?

పలాస ఆడపడుచు:
చెప్పండన్నయ్యా.

పొందూరు రైతుబిడ్డ:
సరే. మగోళ్లకి ఏడొందలు, ఆడోళ్లకి నాలుగొందలు. మా నాన్న కాలం నుంచీ ఆ తేడా ఉంది, నేను పెట్టింది కాదు. పోయిన శ్రావణంలో నారు కట్టలు మడిలో పడేశాక ఆడోళ్లంతా గట్టెక్కి కూర్చున్నారు. ఉపాధిలో ఇద్దరికీ ఒకటే, నీ మడిలో ఎందుకు తేడా అని. పొద్దెక్కుతోంది, నారు వాడిపోతోంది. నాది ఎకరంన్నర, అందులో సగం కౌలు. ధాన్యం రేటు నేనడిగితే పెరుగుతుందా? ముందు లేచి గట్టెక్కింది ఎవరనుకున్నారు? ఆ డెబ్బై ఏళ్లామే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి.

బొబ్బిలి బుల్లోడు:
అదీ సంగతి. సెరువు కాదు నీ బాధ, మడి.

పలాస ఆడపడుచు:
ఎకరంన్నర రైతు కష్టం నాకు తెలుసు, తిత్లీ తుపానుకి మా జీడితోట మొత్తం పడిపోయింది. కానీ ధాన్యం రేటు చాలకపోతే ఆ లోటు ఆడకూలీల దగ్గరే ఎందుకు పూడ్చుకోవాలి? ఏడొందల వాళ్లని అయిదొందల ఏభైకి రమ్మని అడిగారా?

పొందూరు రైతుబిడ్డ:
అడిగితే వస్తారా? బస్సెక్కి విశాఖ పోతారు.

సాలూరు చిన్నోడు:
ఇంతకీ ఎంతకి దిగారు మడిలోకి?

పొందూరు రైతుబిడ్డ:
అయిదొందలకి. మధ్యాహ్నం దాటాక. మగోళ్లకి ఏడొందలే. తట్టా గునపం ఒకటి కాదన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.