కొత్త మోడల్ గురించి కంపెనీ ఎప్పుడు నోరు విప్పాలి?

ఆవిరిబండి:
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. మోడల్ రైళ్లు చేసే కంపెనీలు ఫలానా ఇంజన్ చేస్తున్నామని ఎప్పుడు చెప్పాలి? కంప్యూటర్‌లో డ్రాయింగ్ పూర్తికాకముందే చెప్పేసి, మనల్ని మూడు నాలుగేళ్లు ఎదురుచూసేలా చేయడం సబబేనా? లేక సరుకు సిద్ధమై, ఇంకో రెండు మూడు నెలల్లో చేతికొస్తుందనగా చెప్పాలా?

నేను రెండోదే అంటాను. నా లేఅవుట్‌లో, అంటే మోడల్ రైళ్ల కోసం పట్టాలు పరిచి కట్టుకున్న చిన్న రైల్వేలో, ఒక చిన్న బ్రాంచి లైను ఉంది. దానికి సరిగ్గా సరిపోయే ట్యాంక్ ఇంజన్‌ని (నీళ్లూ బొగ్గూ తన మీదే మోసుకెళ్లే ఆవిరి ఇంజన్) ఒక కంపెనీ ప్రకటించింది. చూసిన రోజే ప్రీ-ఆర్డర్ పెట్టాను. వచ్చే ఏడాది చివరికి అన్నారు. ఆ తేదీ నాలుగుసార్లు జరిగింది. ఈలోగా అదే ఇంజన్ పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌లో, మంచి కండిషన్‌లో, రెండుసార్లు కనబడింది. కొత్తది వస్తోంది కదా అని రెండుసార్లూ వదిలేశాను. నాలుగేళ్లు ఆ లైను మీద బండి నడవలేదు. చివరికి వచ్చిన మోడల్ చాలా బాగుంది, పనితనంలో వంక పెట్టను. కానీ ఆ లైను పట్టాలు నాతో కూర్చుని పరిచిన మా అబ్బాయి అప్పటికి పైచదువులకి వెళ్లిపోయాడు.

జపాన్ కంపెనీ కేటోని చూడండి. విడుదలకి కొన్ని నెలల ముందే చెబుతుంది, చెప్పిన నెలకి అటూ ఇటూగా వస్తుంది. బ్రిటన్ మోడళ్ల విషయంలో బాచ్‌మన్ కూడా ఏడాదికోసారి పెద్ద కేటలాగ్ ప్రకటన మానేసి, మూడు నెలలకోసారి, త్వరలో రాబోయేవి మాత్రమే చెప్పే పద్ధతికి మారింది. మిగతావాళ్లకి ఎందుకు కుదరదు?

పాయింట్స్‌మన్:
ఆవిరిబండి గారూ, మీ బాధ అర్థమైంది. అయినా మీ మాటతో నేను ఏకీభవించలేను.

ముందే చెప్పడం వల్ల మనకి ఒక హక్కు వస్తుంది. తప్పు దిద్దే హక్కు. ఒక కంపెనీ బ్రేక్ వ్యాను (గూడ్స్ బండి చివర గార్డు ఉండే పెట్టె) డ్రాయింగులు బయటపెట్టినప్పుడు, పక్కన ఉండే కాలిమెట్టు ఎత్తు తప్పుగా కనిపించింది. వాళ్లు మ్యూజియంలో ఉన్న బండిని లేజర్ స్కాన్ చేశారు. ఆ బండికి చివరి రోజుల్లో మెట్టు మార్చారు. వాళ్లు మోడల్ చేస్తున్నదేమో అంతకు ఇరవై ఏళ్ల ముందు రూపం. నా దగ్గరున్న పాత ఫొటోలు రెండు పంపాను. పది రోజుల్లో జవాబొచ్చింది, డ్రాయింగ్ మారింది.

ఇదే మాట అచ్చు తయారయ్యాక చెబితే ఏమయ్యేదో ఆలోచించండి. మోడల్ ప్లాస్టిక్ బాడీ ఉక్కు అచ్చులోంచి వస్తుంది. అచ్చులో ఉక్కుని ఇంకాస్త చెక్కితే మోడల్ మీద ప్లాస్టిక్ పెరుగుతుంది. కాబట్టి ఒక రివెట్ వరస మర్చిపోతే తర్వాతైనా చేర్చుకోవచ్చు. అదే, ఉండకూడని చోట రివెట్లు వచ్చాయనుకోండి, అచ్చులో ఆ గుంటల్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ నునుపు చేయాలి, లేదంటే ఆ ముక్కే మార్చాలి. ఎవరు చేస్తారు? "తర్వాతి బ్యాచ్‌లో చూస్తాం" అంటారు. ఆ తర్వాతి బ్యాచ్ చాలాసార్లు రానే రాదు. సరుకు సిద్ధమయ్యాకే చెప్పే కంపెనీ మోడల్‌లో తప్పుంటే, దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం తప్ప మనం చేయగలిగింది లేదు.

చిన్నగేజి:
నేను ఎన్ స్కేల్ (బాగా చిన్న సైజు మోడళ్లు) మనిషిని, కేటో బళ్లే ఎక్కువ. ఆవిరిబండి గారు చెప్పింది నిజమే, కానీ దానికి రెండో వైపు కూడా ఉంది. ప్రకటనకీ విడుదలకీ మధ్య కొన్ని నెలలే ఉంటే, ఆ కొన్ని నెలలూ మనం కళ్లు తెరుచుకుని ఉండాలి. నేను ఒకసారి ఒంట్లో బాగాలేక ఆరు నెలలు ఈ వార్తలేవీ చూడలేదు. తిరిగొచ్చేసరికి నాకు కావాల్సిన ఎక్స్‌ప్రెస్ సెట్టు ప్రకటించారు, తయారు చేశారు, అమ్ముడూ పోయింది. బేసిక్ సెట్టు ఎక్కడో ఒకటి దొరికింది, దానికి కలపాల్సిన అదనపు కోచ్‌ల సెట్టు దొరకలేదు. సగం రైలు పెట్టుకుని మళ్లీ ఎప్పుడు వేస్తారా అని చూస్తూ కూర్చున్నాను.

ముందే చెప్పే కంపెనీ దగ్గర మోడల్ కోసం ఎదురుచూడాలి. ఆలస్యంగా చెప్పే కంపెనీ దగ్గర రీ-ఇష్యూ కోసం, అంటే అదే మోడల్ మళ్లీ వేయడం కోసం, ఎదురుచూడాలి. ఎదురుచూపు మాత్రం తప్పలేదు.

ఆవిరిబండి:
పాయింట్స్‌మన్ గారూ, అచ్చు సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు, థాంక్స్. అయితే తప్పు దిద్దడానికి ప్రపంచమంతటికీ ప్రకటించాలా? ఆ రైల్వే మీద పట్టున్న నలుగురైదుగురికి ముందుగా చూపిస్తే సరిపోదా?

పాయింట్స్‌మన్:
ఆ నలుగురైదుగురిలో నేను లేను కదా. ఫొటోలు నా దగ్గర ఉన్నాయని కంపెనీకి ఎలా తెలుస్తుంది? పాత ఫొటోలు ఏ అల్మారాలో ఎవరి ఆల్బంలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. అందరికీ చూపిస్తేనే బయటికొస్తాయి.

ఇంకో విషయం, ఒకే బండిని ఇద్దరు చేయడం. 2019 అక్టోబర్‌లో బ్రిటన్‌లోని హాటన్స్ సంస్థ జెనెసిస్ పేరుతో పాతకాలపు నాలుగు చక్రాల, ఆరు చక్రాల కోచ్‌లు ప్రకటించింది. 2020 జనవరిలో అక్కడిదే మరో కంపెనీ హార్న్‌బీ దాదాపు అలాంటి కోచ్‌లే తన కొత్త జాబితాలో పెట్టింది. రెండు మూడు నెలల్లో ఇంత పని మొదలుపెట్టి చూపించడం కుదరదు కాబట్టి, ఒకరికి తెలియకుండా ఒకరు అదే పని చేస్తూ వచ్చారనుకోవాలి. దశాబ్దాలుగా ఎవరూ పట్టించుకోని కోచ్‌లు ఒక్కసారిగా రెండు రకాలు వచ్చాయి. ఆ రెండో అచ్చు ఖర్చుతో ఇంతవరకు ఎవరూ చేయని బండి ఒకటి మనకి వచ్చి ఉండేది. గుట్టుగా ఉంచడం వల్ల జరిగే నష్టం ఇదే.

ఆవిరిబండి:
ఆ ఉదాహరణ నా వాదానికీ పనికొస్తుంది. ముందే ప్రకటించడమంటే పొలం చుట్టూ కంచె వేయడం లాంటిది. కంచె వేసినవాడు సాగు చేస్తే గొడవ లేదు. ఏళ్లతరబడి బీడు పెట్టేస్తేనో? ప్రకటించి ఊరుకున్న మోడల్ వల్ల ఇంకో కంపెనీ దాని జోలికి రాదు. మనకి అదీ లేదు, ఇదీ లేదు. నా ట్యాంక్ ఇంజన్ విషయంలో నాలుగేళ్లూ ఆ భయమే ఉండేది.

గూడ్స్ గార్డు:
మీరిద్దరూ కంపెనీ అంటే పెద్ద కంపెనీనే ఊహించుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సంస్థల సంగతి వేరు. వాళ్లకి సొంత ఫ్యాక్టరీ ఉండదు. చైనాలో ఫ్యాక్టరీ దగ్గర వరస పట్టుకోవాలి, అచ్చు ఖర్చు ముందే కట్టాలి. ఎన్ని అమ్ముడవుతాయో తెలియకుండా ఎన్ని చేయిస్తారు? అమెరికా కంపెనీలు చాలావరకు ఆర్డర్లకి గడువు తేదీ పెట్టేది అందుకే. ఆ తేదీదాకా వచ్చిన ఆర్డర్లు లెక్కేసుకుని, దానికి కాస్త కలిపి చేయిస్తారు. జర్మనీ మార్క్లిన్ లాంటి పాత పెద్ద కంపెనీ కూడా తన ఇన్‌సైడర్ క్లబ్ సభ్యుల మోడల్‌ని ముందుగా చెప్పి, గడువులోగా ఆర్డర్లు తీసుకుని, ఒక్కసారే చేస్తుంది.

ఆలస్యాలన్నీ కంపెనీ చేతిలో ఉండవు కూడా. 2018లో చైనాలోని ఆఫా అనే ఫ్యాక్టరీ మూతపడింది. అట్లాస్, స్కేల్‌ట్రైన్స్ లాంటి అమెరికా కంపెనీల మోడళ్లు అక్కడే తయారయ్యేవి. అచ్చులు వెనక్కి తెచ్చుకోవాలి, కొత్త ఫ్యాక్టరీ వెతకాలి, ఆ అచ్చులు అక్కడి మెషీన్లకి సరిపోయేలా చేసుకోవాలి. అలాంటప్పుడు చెప్పిన తేదీ పట్టుకుని నిలదీస్తే వాళ్లేం చేస్తారు? నేను ఎదురుచూస్తున్న హాపర్ వ్యాగన్లు ఏడాదిన్నర ఆలస్యమయ్యాయి. కానీ ఆ కంపెనీ ఎప్పటికప్పుడు ఏం జరుగుతోందో రాస్తూ వచ్చింది, అందుకే నాకు కోపం రాలేదు.

డీకోడర్:
కొంచెం పక్కదారి పడుతున్నానేమో, కానీ అప్‌డేట్లంటే ఇంజన్లూ కోచ్‌లే కాదు. ఇప్పుడు లేఅవుట్‌ని నడిపే కంట్రోల్ స్టేషన్లకి, ఇంజన్‌లో ఉండి ఆ ఆదేశాలు అందుకుని శబ్దాలు చేసే సౌండ్ డీకోడర్లకి కూడా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వస్తున్నాయి. జెడ్21, మార్క్లిన్ సీఎస్3 లాంటి స్టేషన్లయినా, ఈఎస్‌యూ లోక్‌సౌండ్ డీకోడరైనా కొన్నాక కూడా మారుతూనే ఉంటాయి. "ఈ సదుపాయం తర్వాతి అప్‌డేట్‌లో ఇస్తాం" అని ముందే చెప్పి అమ్మడం ఇక్కడ మామూలైపోయింది. నేను కొన్న ఒక స్టేషన్‌లో అలా చెప్పిన సదుపాయం రెండేళ్లకి వచ్చింది. ఇంజన్ ఆలస్యమైతే డబ్బు మన దగ్గరే ఉంటుంది. ఇక్కడ డబ్బు పూర్తిగా కట్టేశాం. అందుకే ఈ విషయంలో నేను ఆవిరిబండి గారి పక్షం. చేతిలో లేని సదుపాయాన్ని పెట్టె మీద రాయకూడదు.

ఇంకోటి, అనుభవంతో చెబుతున్నాను. అప్‌డేట్ రాగానే వేసేయకండి. స్నేహితులంతా వచ్చి బళ్లు నడిపే రోజుకి ముందురాత్రి నేను కొత్త వెర్షన్ వేశాను. పొద్దున చూస్తే ఫీడ్‌బ్యాక్ మాడ్యూళ్లు ఒక్కటీ పలకలేదు. ఏ లైనులో బండి ఉందో స్టేషన్‌కి తెలియదు, ఆటోమేటిక్‌గా నడిచేదేదీ నడవలేదు. సెట్టింగుల బ్యాకప్ ఉండబట్టి సాయంత్రానికి సర్దుకుంది. అప్పటినుంచి ముందు బ్యాకప్, తర్వాత ఏం మారిందో రాసిన నోట్స్ చదవడం, రెండు వారాలు ఇతరుల అనుభవం చూడటం, ఆ తర్వాతే అప్‌డేట్.

డ్రాయింగ్ దశలో ప్రకటించడం నాకు ఒకందుకు మాత్రం ఇష్టం. లోపల డీకోడర్ సాకెట్ ఏది పెడుతున్నారు, 21 పిన్నా, ప్లక్స్22నా, నెక్స్ట్18నా, స్పీకర్‌కి చోటు ఎంత అని అప్పుడే అడగవచ్చు. ఒక చిన్న డీజిల్ షంటర్‌కి స్పీకర్ చోటు అలా అడిగితేనే వచ్చింది.

పాత కేటలాగ్:
మీ అందరికంటే పెద్దవాడినేమో. ఏడాదికోసారి, జనవరిలో కొత్త కేటలాగు రావడం, ఆ వెంటనే న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శన. అప్పట్లో మాకు వార్తలంటే అవే. మార్క్లిన్ ఆ న్యూరెంబర్గ్‌లోనే 1972లో జెడ్ గేజిని చూపించింది, 1:220 స్కేలు, అంటే అసలు బండిలో 220వ వంతు. ఆ ఫొటో పత్రికలో చూసి రాత్రంతా నిద్రపోలేదు.

ఎందుకు చెబుతున్నానంటే, కొత్త స్కేలు పెట్టే కంపెనీ నోరు మూసుకుని కూర్చోలేదు. 2022 అక్టోబర్‌లో హార్న్‌బీ తనకి కొత్తదైన టీటీ:120 స్కేలు మొదలుపెట్టినప్పుడు ఒక్క ఇంజన్ గురించి చెప్పి ఊరుకుంటే ఎవరు కొనేవాళ్లు? పట్టాలు ఏమొస్తాయి, బండిని లైను మార్చే పాయింట్లు ఏమొస్తాయి, ఆ ఇంజన్ వెనక తగిలించడానికి ఏ కోచ్‌లు వస్తాయి, రెండో ఏడు ఏముంది, ఇవన్నీ తెలియాలి. ఉన్న లేఅవుట్ వదిలి కొత్త స్కేలులోకి దిగేవాడు ఒక్క ఇంజన్ని చూసి దిగడు. ఆ వరస మొత్తాన్నీ నమ్మి దిగుతాడు. అందుకే వాళ్లు ముందు ముందు రాబోయేవన్నీ దశలవారీగా చెప్పారు. ఆవిరిబండి గారి నియమం పెడితే కొత్త స్కేలు ఏదీ పుట్టదు బాబూ.

ఆవిరిబండి:
పెద్దాయన చెప్పిన ఈ కోణం నేను అసలు ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను, సిద్ధమయ్యాకే చెప్పాలన్నది అన్నిచోట్లా నడవదు. నా మాట ఇలా మార్చుకుంటున్నాను. ఎంత ముందైనా చెప్పండి, కానీ ఏ దశలో ఉందో చెప్పండి. డ్రాయింగా, అచ్చు మొదలైందా, మొదటి ప్లాస్టిక్ శాంపుల్ వచ్చిందా, రంగులేసిన శాంపుల్ వచ్చిందా. ఆ నాలుగేళ్లలో నన్ను బాధపెట్టింది ఆలస్యం కాదు, రెండేళ్లకి పైగా ఒక్క ముక్కా రాయకపోవడం. అచ్చు ఇంకా మొదలుకాలేదని తెలిసి ఉంటే ఆ సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేవాడిని, మా అబ్బాయి దాన్ని నడిపేవాడు. రంగులేసిన శాంపుల్ చూపించేదాకా అడ్వాన్స్ మాత్రం తీసుకోకూడదు. ఈ ఒక్కటి నేను వదలను.

చిన్నగేజి:
అడ్వాన్స్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1946 నుంచి ఉన్న హాటన్స్ 2024 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంత పాత దుకాణం మూతపడుతుందని ఎవరూ అనుకోలేదు. అప్పటినుంచి నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. మోడల్ నంబరు, ఎక్కడ ఆర్డర్ పెట్టాను, ఏమైనా కట్టానా, ఆఖరి వార్త ఏ తేదీన వచ్చింది, అది ఏ దశ. ఏడాదిన్నర పాటు కొత్త వార్త లేకపోతే ఆ వరస కొట్టేసి, పాతదో వేరే కంపెనీదో దొరికితే కొనేస్తాను. తర్వాత కొత్తది వస్తే అప్పుడు చూద్దాం. ఆవిరిబండి గారూ, మీరు కూడా ఇలా రాసుకోండి.

గూడ్స్ గార్డు:
నోట్‌బుక్ మంచి ఆలోచన, నేనూ మొదలుపెడతాను. కానీ అడ్వాన్స్ విషయంలో ఆవిరిబండి గారితో నాకు ఇంకా పేచీ ఉంది. రంగులేసిన శాంపుల్ వచ్చేసరికి అచ్చు ఖర్చంతా అయిపోయి ఉంటుంది. చిన్న కంపెనీకి డబ్బు అవసరమయ్యేది ఆ ఖర్చుకే. అప్పుడు ఇవ్వం, అంతా అయ్యాక ఇస్తాం అంటే, పెద్ద కంపెనీలు ముట్టుకోని బళ్లు ఎవరు చేస్తారు? నా హాపర్ వ్యాగన్లకి అచ్చు దశలోనే అడ్వాన్స్ కట్టాను. పోతే పోయాయి అనుకునే కట్టాను. అవి లేకపోతే ఆ మోడలే లేదు.

ఆవిరిబండి:
మీకు ఆ కంపెనీ మీద నమ్మకం ఉంది, ఎప్పటికప్పుడు రాశారు కాబట్టి. నాతో వ్యవహరించిన కంపెనీకి నేను ఆ దశలో ఇవ్వలేను. ఇప్పుడు వాళ్లదే ఇంకో ఇంజన్ ప్రకటన వచ్చింది, నాకు కావాల్సిందే. ఆర్డర్ పెట్టకుండా, అచ్చు మొదలైందా లేదా అని ఈరోజు మెయిల్ రాశాను. జవాబొస్తే ఇక్కడ పెడతాను. పాయింట్స్‌మన్ గారూ, డ్రాయింగులు వాళ్ల పేజీలో ఉన్నాయి, బొగ్గు బంకరు వెనక నిచ్చెన నాకు కాస్త అనుమానంగా ఉంది. మీ ఆల్బం ఒకసారి చూస్తారా?