సంఘానికి దర్శనం, లక్ష్యాలు ఎలా నిర్ణయించుకోవాలి?

ప్రశ్న:
అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘంలో సుమారు 120 మంది విశ్వాసులున్నారు. నేను పెద్దలలో ఒకడిని. గత జనవరిలో "ఈ సంవత్సరం 200 ఆత్మలు" అని బ్యానరు రాయించి వేదిక వెనుక కట్టాము. డిసెంబరు నాటికి ఆ సంఖ్యను చేరకపోగా, ఎవరినీ తీసుకురాలేకపోయామన్న సిగ్గుతో పాతవారిలోనే కొందరు కూడికలకు రావడం తగ్గించారు. ఇప్పుడు పాస్టరుగారు బైబిలులోని సామెతలు 29:18 చూపించి, రాబోయే మూడేళ్ల దర్శనాన్ని, అంటే సంఘం ఎటు సాగాలో, రాసి తెమ్మన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు సంఖ్య పెట్టుకోవడమే తప్పా?

జవాబు 1:
వందనాలు సహోదరుడా. ముందుగా ఆ వచనాన్ని మన తెలుగు బైబిలులోనే చదవండి: "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు." అక్కడి హీబ్రూ మాట ప్రవక్తలకు కలిగే ప్రత్యక్షతను సూచిస్తుందే గాని, కమిటీ కూర్చుని రాసుకునే ప్రణాళికను కాదు; వచనం రెండో సగం ధర్మశాస్త్రాన్ని అనుసరించేవాని గురించి చెప్పడం చూసినా ఆ సంగతి తెలుస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు తర్జుమాలో "దర్శనం" అన్న మాట పడడంతో, దాన్ని సంస్థల లక్ష్యాలకు అన్వయించడం అలవాటైపోయింది. ఈ విషయంలో మన తర్జుమాయే మేలు. సమస్త జనులను శిష్యులనుగా చేయమని మత్తయి 28:19-20లో సంఘానికి పని ముందే అప్పగించబడింది కాబట్టి, మీరు నిర్ణయించవలసినది ఆ పనిలో మీ సంఘం ఇప్పుడు ఎత్తుకోవలసిన భాగం మాత్రమే.

జవాబు 2:
రాయడానికి ముందు తిరగండి. యెరూషలేము ప్రాకారాన్ని తిరిగి కట్టించిన నెహెమ్యా ఆ పట్టణానికి వచ్చి మూడు దినాలైన తరువాత, తన ఉద్దేశం ఎవరికీ చెప్పకుండా, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి కూలిన ప్రాకారాన్ని చూశాడు. కట్టుదము రండని పిలిచింది ఆ తరువాతే. నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో పలువురు ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని వారు బాగు చేసుకోవడం కూడా గమనించండి. మేము హాజరు పుస్తకం ముందు పెట్టుకుని, మూడు నెలలుగా కనిపించని ప్రతి పేరుకూ ఒక పెద్దను పంపించాము. విశ్వాసం చల్లారిందని మేము అనుకున్న ఒక వృద్ధురాలు, మెట్లు ఎక్కలేకనే ఆగిపోయానని చెప్పి, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చింది. ఆ సంవత్సరం మా మొదటి లక్ష్యం మెట్ల పక్కన వాలుదారి కట్టించడమే. వినడానికి అది దర్శనంలా ఉండదు, నిజమే.

జవాబు 3:
పై సహోదరులతో ఏకీభవిస్తూనే, సంఖ్యల పక్షాన ఒక మాట చెప్పాలి. అపొస్తలుల కార్యములు కూడా లెక్క చెప్పింది: 2:41లో చేర్చబడినవారు ఇంచుమించు 3,000 మంది, 4:4లో నమ్మిన పురుషుల సంఖ్య ఇంచుమించు 5,000. అయితే అవి జరిగిన తరువాత రాసిన లెక్కలు, ముందుగా కట్టిన బ్యానర్లు కావు. సంఘాన్ని మొక్కతో పోల్చిన 1 కొరింథీయులకు 3:6లో పౌలు నాటాడు, అతని తోటి సేవకుడు అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు. కనుక నాటడానికీ నీళ్లు పోయడానికీ సంఖ్య పెట్టుకోండి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివారితో ఒక పెద్ద ఆరు నెలలపాటు వారానికొకసారి కూర్చుని వాక్యం చదవాలన్నది అటువంటి లక్ష్యం. అది జరిగిందో లేదో ఎవరినీ సిగ్గుపరచకుండానే చూసుకోవచ్చు. కానుకల లెక్క కూడా పక్కన పెట్టుకోండి. గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ప్రభువే అడిగాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న హాజరు పుస్తకం తెరిచాము. మూడు నెలలుగా రానివారు 11 మంది. వారిలో నలుగురి ఇళ్లు ఎక్కడో పెద్దలమైన మాకే తెలియదు. పాస్టరుగారితో మాట్లాడి బ్యానరు విప్పేశాము. రాత పని నెల రోజులు వాయిదా వేసి, ఈ ఆదివారం ఆరాధన అయిన వెంటనే ఇద్దరిద్దరుగా బయలుదేరుతున్నాము.