క్షారం, కారం: రెండూ ఒకటేనా?

హన్మకొండ నుంచి, అడిగినవారు:
మా అన్న బిడ్డ పదో తరగతి, తెలుగు మీడియం. ఆమ్లాలు, క్షారాల పాఠం చదువుకుంటూ అడిగింది: "కాకా, క్షారం అంటే కారమే కదా? మిర్చి బజ్జీ మీద నిమ్మకాయ పిండితే అది తటస్థీకరణమేనా?" తటస్థీకరణం అంటే ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టుకోవడం. నవ్వు వచ్చింది గానీ జవాబు రాలేదు. పెద్దలు చెప్పండి.

జవాబు, రిటైర్డ్ తెలుగు టీచర్:
పిల్లను నవ్వొద్దు. మాట దగ్గర ఆమెదే సరి. కారం అనేది క్షారానికి వికృతి. పక్షి పక్కి అయినట్టు క్షారంలో 'ష' జారిపోయింది. కట్టెల బూడిద నీళ్లను వడగట్టి, మరగబెట్టి తీసేదాన్ని మనవాళ్లు క్షారం అన్నారు. అది నాలుకను కొరుకుతుంది, చర్మాన్ని తింటుంది. ఆ కొరికే గుణాన్ని బట్టే మిరియానికీ, పోర్చుగీసువాళ్ల వెంట ఓడల్లో వచ్చిన మిరపకాయకూ కారం పేరు అంటుకుంది. హిందీలో అదే మాట ఉప్పు వైపు పోయింది. ఖారా పానీ అంటే ఉప్పునీళ్లు. మన బేకరీల్లో ఖారా బిస్కెట్‌ను చూడండి, అందులో కారమే ఉండదు! అప్పడాల పిండిలో వేసే పాపడ్ ఖార్ మాత్రం నిజంగా క్షారమే.
అరబ్బులదీ ఇదే దారి. ఆల్కలీ అనే మాట వాళ్ల 'అల్ ఖలీ' నుంచి వచ్చింది, దాని అర్థం మొక్కల బూడిద.

జవాబు, వరంగల్ నుంచి:
మాట ఒకటే అయినా వస్తువు వేరు సార్. ఎనుమాముల యార్డులో మిర్చి సీజన్‌లో నిలబడితే కళ్లు, ముక్కు ఒకటే మంట. ఆ మంట క్షారం వల్ల కాదు, మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ అనే పదార్థం వల్ల. వేడిని పసిగట్టే నరాన్ని అది తట్టి లేపుతుంది, ఒంటికి కాలినట్టే అనిపిస్తుంది. అందుకు పీహెచ్‌తో, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలతతో, పని లేదు. నిమ్మరసం పిండినా క్యాప్సైసిన్ అట్లనే ఉంటుంది. అది నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారమైతే నీళ్లకన్నా పెరుగు నయం. మన చపాటా మిర్చి చూడండి, రంగు బాగా ఎరుపు, ఘాటు తక్కువ.

జవాబు, పరకాల వైపు నుంచి:
క్షారానికి మా ఊళ్లో మాట ఎప్పటినుంచో ఉంది: సౌడు. పుస్తకాల్లో చౌడు అని రాస్తారు. మా పొలం మట్టి పరీక్షలో పీహెచ్ 8.7 వచ్చింది, జిప్సం వేయమన్నారు. మా నాయన కాగితం చూడకుండానే "సౌడు చెలక, తెల్లగ పొంగుతది" అన్నాడు. వెనకట సౌడు మన్నుతోనే బట్టలు ఉడకబెట్టేవాళ్లట. పీహెచ్ 7 అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు; 7కు, 8.7కు తేడా కొంచెమే కదా అనుకున్నాను. ఆ స్కేలు మీద ఒక్క మెట్టు అంటే పది రెట్లు, కాబట్టి 1.7 మెట్లంటే దాదాపు 50 రెట్లు! ఈ స్కేలును 1909లో కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ అనే ఆయన పెట్టారు. పనిచేసిన చోటు కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబు. మన కల్లు పులిసే సంగతి ఆయనకు చెప్తే బాగుండేది.

హన్మకొండ నుంచి, అడిగినవారు:
అందరికీ దండాలు. ఆదివారం ఇంట్లోనే పరీక్ష పెట్టాం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా, అందుకే తెల్లకాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టాం. పాన్ డబ్బా నుంచి తెచ్చిన సున్నం చుక్క వేస్తే, దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగే వచ్చింది. బూడిద కోసమే తిరగాల్సి వచ్చింది, వాడకట్టులో అందరివీ గ్యాస్ పొయ్యిలే. చివరికి కట్టెల పొయ్యి మీద మక్క కంకులు కాల్చే అవ్వ ఇచ్చింది. ఆ బూడిద నీళ్లకూ కాగితం ఎర్రబడింది. ఎండుకారం వేస్తే దాని ఎరుపే మోసం చేస్తుందని పచ్చిమిరపకాయ నూరి వేశాం. కాగితం పసుపుగానే ఉంది. పిల్ల కళ్లు మండుతున్నా వదల్లేదు. "అయితే కారం క్షారం కాదు" అని రాసుకుంది. తర్వాత డబ్బాలోంచి ఖారా బిస్కెట్ తీసి, "దీన్ని కూడా నీళ్లలో నానేసి చూద్దామా కాకా?" అంది.