గోరుచిక్కుడు బంక మందును పెద్దపేగు దాకా మోస్తుందా?

గోదారిగట్టు: అమ్మకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు). మూడేళ్లుగా దానికి మెసలమిన్ మాత్రలు వాడుతోంది. ఈమధ్య మలంలో మాత్ర అలాగే పడుతోంది, టెన్షన్‌గా ఉంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే బంకతో చేసిన మాత్రలు పెద్దపేగులోనే విడిపోతాయట. ఎవరైనా వాడారా? ఎక్కడ దొరుకుతాయి?

బీఫార్మ్_ఫైనల్: మా ప్రాజెక్టు అదే. ఆంధ్రా యూనివర్సిటీవాళ్లు 1998లోనే ఇండోమెథాసిన్ అనే నొప్పి మందుతో చేశారు. తడి తగలగానే బంక ఉబ్బి జెల్‌లా కమ్ముకుంటుంది, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని తినేస్తే మందు బయటికొస్తుంది. మా బాధల్లా చిక్కదనం. ఈ బస్తా బంకకూ ఆ బస్తా బంకకూ పొంతన ఉండదు. ఆర్నెల్లు దానికే పోయాయి.

సంతబేరం: గోరుచిక్కుడు దేనికి? మన తపసి బంక లేదా? కొండగోగు అన్నా అదే.

అడవితోడు: అదే కాదండీ! తపసి వేరు, కొండగోగు వేరు. రెండూ వేర్వేరు చెట్లు. ఇలా కలిపేసే సంతలో కల్తీ జరుగుతోంది.

సంతబేరం: ఇరవై ఏళ్లుగా బంక కొంటున్నాను. నాకు చెట్లు నేర్పకండి.

అడవితోడు: కొన్నది బంక, చెట్టును కాదు. గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టించి ఎన్ని తపసి చెట్లను ఎండగొట్టారో మా కొండకొచ్చి చూడండి. చిన్న గాటు చాలని గిరిజన సహకార సంస్థవాళ్లు నేర్పినా, తొందర ఉన్నవాళ్లు వింటేగా.

మాత్రల_మాస్టారు: 31 ఏళ్లు మాత్రల తయారీలో ఉన్నాను, నా మాట వినండి. బజార్లో దొరికే మెసలమిన్ మాత్రల్లో చాలావాటికి ఉండేది బంక కాదు. పొట్టలోని పులుపులో కరగకుండా, పేగు చివర పులుపు తగ్గి పీహెచ్ 7 దగ్గరకొచ్చాక కరిగే పాలిమర్ పూత. బంక సంగతి ఎక్కువగా ల్యాబుల్లోనే ఉంది.

వరంగల్_లత: పూత ఏదైనా మాత్ర నలపకండి! నాన్న మింగలేకపోతున్నారని పొడి చేసి పెరుగులో కలిపి ఇచ్చాం. నాలుగు నెలలు రక్తం ఆగలేదు. పూత పోతే మందు పెద్దపేగు దాకా రాకుండా పైనే కరిగిపోతుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

బీఫార్మ్_ఫైనల్: బంక మాత్రలకైతే యాంటీబయాటిక్స్ కూడా అడ్డే. బ్యాక్టీరియా చస్తే పొరను తినేదెవరు?

రాయలసీమ_రైతు: 2012లో ఆయిల్ బావులకు ఈ బంక కావాలని గోరుచిక్కుడు గింజ రేటు ఆకాశానికెక్కింది. అది చూసి వేశాను. అమ్మేనాటికి రేటు లేదు.

గోదారిగట్టు: మా అమ్మ మాత్ర సంగతి ఎవరైనా చెప్పండి, దయచేసి.

మాత్రల_మాస్టారు: అప్పుడప్పుడు ఖాళీ పెంకు పడుతుందమ్మా. రోజూ నిండు మాత్రే పడుతుంటే మందు అందట్లేదేమో. ఫొటో తీసి ఈ వారమే డాక్టరుకు చూపించు. మందు మాత్రం ఆపకు.

సంతబేరం: రెండు చెట్లూ వేరని రుజువేది?

అడవితోడు: ఫిబ్రవరిలో కొండగోగు ఆకు రాల్చి పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది. రెండిటి ఫొటోలూ పెడతాను.