అక్టోబరు తుపాన్లకు ముందు జీడి పరిశ్రమలు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

కాశీబుగ్గ వ్యాపారి: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి, 2021లో గులాబ్ సెప్టెంబరు చివర వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో కొన్న జీడిపిక్కలు అప్పటికి ఇంకా గోదాములోనే ఉంటాయి. నిల్వ తగ్గించుకోవాలా, బీమా పెంచుకోవాలా, కరెంటు లేని రోజుల్లో పని ఎలా నడపాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మందస రైతు: గోదాము గురించి అడిగారు గానీ తోట మాట ఎత్తలేదు. తిత్లీకి ఉద్దానంలో జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అంటుమొక్క నాటితే మూడు నాలుగేళ్లకు గానీ కాపు మొదలవదు, నిండు కాపుకు మరికొన్నేళ్లు పడుతుంది. ఆ లోపు జనవరిలో మబ్బు పట్టి టీ దోమ అనే రసం పీల్చే పురుగు సోకితే పూత మాడిపోతుంది. తోట నిలవకపోతే మీకు పిక్క ఎక్కడి నుంచి వస్తుంది?

పలాస పప్పు: ఐవరీ కోస్టు నుంచి వస్తుంది. చాలా కాలంగా వస్తూనే ఉంది.

మందస రైతు: ఆ మాట అనేముందు మా బస్తాకు మీరు ఇచ్చిన ధర గుర్తు చేసుకోండి.

విశ్రాంత సర్వేయరు: బీమా నష్టాల అంచనాలోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక ఈ సంగతి నాకు వదిలేయండి. ఒకే చోట ఉన్న ఆస్తుల మొత్తం విలువ 5 కోట్ల రూపాయలు దాటని సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ ఉంది. తుపాను, వరద అందులోనే కలిసి ఉంటాయి. అయితే కోటి రూపాయల సరుకుకు 60 లక్షలకే బీమా చేస్తే, 20 లక్షల నష్టానికి కూడా అందులో 60 శాతం, అంటే 12 లక్షల లెక్కనే పరిహారం వస్తుంది. కాబట్టి మే నెలలో నిల్వ పతాక స్థాయికి చేరినప్పటి విలువకు బీమా చేయించుకోవాలి.

టెక్కలి మిల్లు: కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. మా గోదాము రేకులు గాలికి లేచిపోయి, వాన నీళ్లు పడి బస్తాలన్నీ తడిస్తే, అది తుపాను నష్టం కాదు, కప్పు కారడం అని మా బీమా కంపెనీ వాదించింది. మీవంటి వారు రాసిన నివేదికల వల్లే మా వంటి వారు మునిగిపోయారు.

విశ్రాంత సర్వేయరు: అందరినీ ఒకే గాటన కట్టవద్దు. గాలి చేసిన రంధ్రం గుండా వచ్చిన నీరు వేరు, పాత చిల్లు గుండా కారిన నీరు వేరు. వానాకాలానికి ముందే రేకులు, కొక్కేలు, గోడలు తేదీ కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆ వాదన నిలవదు.

టెక్కలి మిల్లు: ఆ మాట పాలసీ అమ్మిన రోజే చెప్పి ఉండాల్సింది. ప్రీమియం కట్టించుకునేటప్పుడు ఎవరూ ఫొటోలు అడగలేదు.

కవిటి కొబ్బరి: పడిపోయిన కొబ్బరి మొద్దులను తొలగించకుండా వదిలేస్తే, కుళ్లిన మొద్దులో కొమ్ము పురుగు పెరిగి, నిలిచిన చెట్ల మొవ్వును తినేస్తుంది. పొరుగు తోటవారు శుభ్రం చేయకపోతే ఆ నష్టం ఏ పాలసీలో వస్తుంది?

పలాస పప్పు: కరెంటు విషయం ఎవరూ చెప్పలేదు. హెచ్చరిక వెలువడగానే కొత్తగా పిక్కలు ఉడికించడం ఆపి, ఉడికిన వాటిని కోయించి, బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఆరబెట్టడం ముగించండి. తడి మీద ఆగిపోయిన సరుకుకు బూజు పడుతుంది. పచ్చి పిక్క మాత్రం పొడిగా, నేలకు తగలకుండా చెక్కల మీద ఉంటే ఆగగలదు. జనరేటరు డీజిలును ముందే తెచ్చుకోండి.

మందస రైతు: తోట గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.