నూనె మానేసి తగ్గిన బరువు నిలుస్తుందా?

తార్నాక నడకరి:
రెండేళ్ల కింద నూనె, నెయ్యి బాగా తగ్గించి 11 కిలోలు తగ్గాను. అందులో 6 వెనక్కొచ్చేశాయి. ఈ పద్ధతే తప్పా, నాదే తప్పా?

కాచిగూడ వంటగది:
పద్ధతి మంచిదేనండీ. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4. పెద్ద చెంచాడు నూనె దగ్గర దగ్గర 120 కేలరీలు, కానీ తాలింపుకి చెంచాతో కొలిచేదెవరు, డబ్బా వంచేస్తాం. మా నలుగురికీ నెలకి 4 లీటర్లు అయ్యేది, ఇప్పుడు 2. మూడేళ్లయింది, నా బరువు అక్కడే ఉంది.

ఉప్పల్ లెక్కలు:
నూనె ఒక్కటే దొంగా? 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని ఏడాది చూశారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు, అది చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. రెండు గుంపులకీ చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు పెంచమన్నారు, నన్నడిగితే అసలు కిటుకు అక్కడే ఉంది. పులుసులో నూనె తగ్గించి రెండోసారి అన్నం పెట్టుకుంటే ఏం లాభం?

కాచిగూడ వంటగది:
ఒక్క ఏడాది సంగతి సరే, తర్వాత? అమెరికాలో 1994 నుంచి కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు రాసిపెడుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది తక్కువ కొవ్వు తిండే తింటారు, రోజూ గంట దాకా నడుస్తారు.

ఉప్పల్ లెక్కలు:
అందులో గెలిచినవాళ్లే పేరు రాయించుకుంటారు కదమ్మా, అదే తిండి తిని మళ్లీ లావైనవాళ్లు ఎంతమందో ఆ పుస్తకంలో ఎక్కడుంటారు? పైగా గంట నడక అన్నారు, మరి పుణ్యం నూనెదా, కాళ్లదా? తార్నాక గారూ, మీరు సాయంత్రం ఏం తింటారో చెప్పండి ముందు.

తార్నాక నడకరి:
ఆఫీసులో ఇరానీ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు. నూనెలో వేయించినవి కావు కదా అని లెక్కలో వేయలేదు.

కాచిగూడ వంటగది:
అయ్యో, బిస్కెట్‌లో ఉండేదే వెన్న, డాల్డా, చక్కెర! ఇంట్లో చెంచాలు కొలిచి బేకరీలో డబ్బాలు తిన్నట్టుంది మీ పని.

ఉప్పల్ లెక్కలు:
ఈ ఒక్క మాటకి మీతో ఏకీభవిస్తాను. పప్పులో చెంచాడు నెయ్యి మాత్రం మాననివ్వకండి, అది లేకపోతే ఆయన రాత్రి పదికి మళ్లీ బిస్కెట్ డబ్బా తీస్తారు.

తార్నాక నడకరి:
పేరుకే నడకరిని, నడక మానేసి కూడా ఆరు నెలలైంది. అది అడగలేదు కాబట్టి చెప్పలేదు.