పురుషుల సహవాసానికి వేరే సంఘాల వాళ్లను పిలవవచ్చా?

ద్రాక్షతీగె: అందరికీ వందనాలు. మా సంఘంలో పురుషుల సహవాసం నెలకోసారి జరుగుతుంది. ఇకమీదట వేరే సంఘాల సహోదరులను కూడా పిలుద్దామని అడిగాను. సగం మంది సరేనన్నారు, మిగతావాళ్లు సిద్ధాంతం పాడవుతుందన్నారు. యోహాను 17లో ప్రభువు మనం ఏకమై ఉండాలనే కదా ప్రార్థించాడు. మీరేమంటారు?

బండమీద_ఇల్లు: కూడదు. పసిబిడ్డకు నీళ్లు చల్లినా బాప్తిస్మమే అనేవాళ్లు, ముంచితేనే బాప్తిస్మం అనేవాళ్లు ఒకచోట కూర్చుని ఎంతసేపు మాట్లాడుకోగలరు? 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కలిసి కూర్చున్నారు. 15 అంశాల్లో 14 కుదిరాయి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. అంతటివాళ్లకే కుదరలేదు.

ద్రాక్షతీగె: 14 కుదిరాయి కదా బ్రదర్! మీరు ఆ ఒక్కటే చూస్తున్నారు. మేం కూడేది ప్రార్థనకు. ఎవరికీ బాప్తిస్మం ఇవ్వడానికి కాదు.

ఉదయకాలం: మేం మూడు సంఘాల మగవాళ్లం కలిసే ప్రార్థిస్తున్నాం. ఇంతవరకు గొడవ రాలేదు.

బండమీద_ఇల్లు: పౌలు, బర్నబా కూడా విడిపోయారు. అపొస్తలుల కార్యములు 15 చదవండి. విడిపోయినంత మాత్రాన సువార్త ఆగలేదు.

ద్రాక్షతీగె: వాళ్లు విడిపోయింది సిద్ధాంతం కోసం కాదు. పంఫూలియలో తమను విడిచి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అని. ఆ మార్కునే తీసుకురమ్మని, పరిచర్యకు తనకు పనికొస్తాడని పౌలు తర్వాత తిమోతికి రాశాడు. మీరు సగమే చెప్తున్నారు.

బండమీద_ఇల్లు: మార్కును పిలిచాడు, సరే. బర్నబాతో కలిసి మళ్లీ ప్రయాణం చేశాడని ఎక్కడుంది? వచనం చూపించండి.

ద్రాక్షతీగె: అడిగింది వదిలేసి ప్రయాణం పట్టుకున్నారేంటండీ?

బండమీద_ఇల్లు: వచనం లేదన్నమాట.

ఇనుముకు_పదును: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఎవరిని పిలవాలన్నది తర్వాత. వచ్చినవాళ్లు ఏం చేస్తున్నారు? ఒక పాట, ఒక ప్రసంగం, ఆశీర్వాదం, ఇంటికి. పక్కన కూర్చున్నవాడికి అప్పులున్నాయో, ఇంట్లో మాటల్లేవో ఎవరికీ తెలియదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న గుంపులకు నియమాలు రాశాడు. మగవాళ్లు వేరుగా, ఆడవాళ్లు వేరుగా వారం వారం కలిసేవారు. పోయినసారి కలిసిన తర్వాత తెలిసి చేసిన పాపాలేమిటని ఒకరినొకరు అడగాలి. మన పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని యాకోబు 5:16లో లేదా? మగవాళ్లం ముందు నోరు తెరవడం నేర్చుకోవాలి.

బండమీద_ఇల్లు: నేర్చుకోవాలా? నేను తెరిచానండీ. ఏడేళ్ల కిందట ఉద్యోగం పోయి తాగుడులో పడ్డాను. అది సహవాసంలో చెప్పుకుని ఏడ్చాను. వేరే సంఘం నుంచి వచ్చిన ఒక సహోదరుడు దాన్ని వాళ్ల సంఘంలో ప్రార్థన మనవిగా పెట్టాడు, నా పేరుతో సహా. వారం తిరక్కుండా మా అత్తగారింటికి చేరింది. నా భార్య ఏడాది పాటు మందిరంలో అడుగు పెట్టలేదు. ఐక్యత గురించి నాకు చెప్పకండి.

ఉదయకాలం: అయ్యో అన్నా.

ద్రాక్షతీగె: క్షమించండి. నాకిది తెలియదు, ఇంతసేపూ వచనాలతో వాదించాను. కానీ ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి. ఆ మాట బయటపెట్టింది మీ సంఘం మనిషే అయితే, మీ సంఘం వాళ్లతో కూడా కూర్చోవడం మానేసేవారా?

బండమీద_ఇల్లు: లేదు. మా వాడైతే మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా అడిగేవాణ్ణి, వినకపోతే ఇద్దరిని తీసుకెళ్లేవాణ్ణి, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టేవాణ్ణి. బయటివాణ్ణి ఎవరి ముందు పెట్టను? వాళ్ల పాస్టర్ గారికి ఫోన్ చేస్తే, ప్రార్థనే కదా చేశాం అన్నారు. అక్కడితో అయిపోయింది.

ఇనుముకు_పదును: అంటే మీకు అడ్డం వస్తున్నది బాప్తిస్మం కాదు. తప్పు జరిగితే అడిగే దిక్కు లేకపోవడం.

బండమీద_ఇల్లు: బాప్తిస్మం మాట నేను వెనక్కి తీసుకోలేదు.

ద్రాక్షతీగె: తీసుకోవద్దు. పిలవడానికి ముందే రెండు సంఘాల పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే? మనిషి ఒప్పుకోకుండా అతని సంగతి ప్రార్థన మనవిగా కూడా బయటికి పోకూడదు. పోతే, ఎవరి సంఘం వాడైనా ఇరువైపుల పెద్దల ముందు నిలబడాలి.

బండమీద_ఇల్లు: కాగితం మీద రాసి సంతకాలు పెడితే ఆలోచిస్తాను. మొదటి రోజే నన్ను సాక్ష్యం చెప్పమని మాత్రం అడగకండి.

ఉదయకాలం: వదిన గారు ఇప్పుడు మందిరానికి వస్తున్నారా అన్నా?

బండమీద_ఇల్లు: వస్తుంది. చివరి వరుసలో కూర్చుంటుంది, ఆశీర్వాదం కాకముందే లేచిపోతుంది.